బందరు తీరమున పాదిరిగారి యిల్లు

కృష్ణ ఆనకట్టకడ బయలుదేరు బందరు కాలువ మా గవర్నరుపేటకు చేరువగనే పారి, సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరముననున్న బందరు దిక్కునకు పోవును. ఆ బందరులోనే నా బాల్యము గడచినది. మా తండ్రిగారు అచ్చటి సంఘమునకు పాదిరి. 1950వ సంవత్సర ప్రాంతమున దేవాలయపు ఆవరణలోని పెంకుటింట మేము పెరిగితిమి.

సముద్రతీరపు బాల్యమనగానే తెల్లని యిసుకయు గవ్వలును తలపునకు వచ్చును. మంగినపూడిలో నేల నల్లమట్టి. నీరు చాలదూరము మోకాలిబంటియే. ఏటికి రెండు మారులు బండి కట్టించుకొని పోవుచుంటిమి. తక్కిన దినములలో సముద్రము మాకు గాలిగానే తెలియుచుండెను. కార్తికమాసమున ఈశాన్యపుగాలి ముదిరినచో మా తల్లిగారు మొట్టమొదట సంఘపు పుస్తకములను గుడ్డలో మూటగట్టి అటకపై పెట్టించెడివారు. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాసిన పుస్తకములవి. బియ్యపుబస్తా వంతు ఆ తరువాతనే. పిల్లలమైన మాకు ఈ వరుస ఎంతమాత్రము నచ్చెడిది కాదు.

ఈ జాగ్రత్తకు కారణము పాతది. 1841లో రాబర్టు నోబిలుగారును హెన్రీ ఫాక్సుగారును ఆంగ్లదేశమునుండి బందరు చేరిరి. నోబిలుగారు స్వయముగా ఒక పల్లెటూరి పాదిరి కుమారుడు. ఫాక్సుగారికి ఆ సంవత్సరమే బందరులో హెన్రీ యను కుమారుడు కలిగెను. మాకంటె నూరేండ్లు ముందటి పాదిరిబిడ్డ! ఆ బాలుని తల్లి జబ్బుపడి, 1845లో సీమకు పయనమై, ఆ పయనము మొదటనే కన్నుమూసెను. తండ్రియు 1848లో, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున గతించెను. ఆ కుమారుడు సీమలో పెరిగి, తన తండ్రిని పంపిన మిషనరీ సంఘమునకే 1895 మొదలు 1910 వరకు కార్యదర్శిగా నుండెను.

నోబిలుగారు మాత్రము స్వదేశమునకు మరల పోలేదు. 1843లో పాఠశాల స్థాపించిరి. అందు చదివిన మంచాల రత్నముగారును అయినాల భూషణముగారును 1852లో బాప్తిస్మము పొందగా ఊరంతయు అల్లకల్లోలమయ్యెను. తలిదండ్రులు తమ బిడ్డలను బడి మాన్పించిరి. కన్నవారి దుఃఖమును నేను తేలికగా నెంచజాలను. పాదిరిబిడ్డనైనను అది న్యాయమైన దుఃఖమనియే తలంతును. ఆ యిరువురును 1864లో పాదిరులైరి.

ఆ యేడే, నవంబరు 1వ తేది రాత్రి, ఉప్పెన వచ్చెను. పదుమూడడుగుల యెత్తున లేచిన నీరు కొన్నిచోట్ల పదునేడు మైళ్లు లోపలికి చొచ్చెను. ముప్పదివేలమంది గతించిరి. షార్కీ దొరసానిగారి బాలికల వసతి పాఠశాలలో అనేకులు నీటిపాలైరి. నోబిలుగారు మరుసటి యేడు బందరులోనే మరణించిరి.

అల యెత్తును, నీరు ప్రాకిన దూరమును జిల్లా చరిత్రలు చెప్పును. దొరల పేళ్లు కొన్ని దక్కినవి. పల్లెకారులు, కూలీలు, వారి బిడ్డలు ఒక్క అంకెలో కలిసిపోయిరి. మా తల్లిగారు బియ్యముకంటె ముందు పుస్తకములను అటకకెక్కించుటకు ఇదియే హేతువని నాకు పెద్దయైన పిదప తెలిసినది.

నవంబరు 1వ తేది సకల పరిశుద్ధుల దినము. మరునాడు సమాధుల పండుగ. సమాధులకు సున్నము కొట్టుట పిల్లల పని. బంతిపూలు పరచి, చీకటిపడగనే క్రొవ్వొత్తులు వెలిగించెడివారము. మావారివన్నియు వెలిగించిన పిమ్మట, మా తల్లిగారు ఒక క్రొవ్వొత్తిని ప్రహరీగోడ మొదట, ఏ సమాధియు లేనిచోట నిలిపెడివారు. ఎవరికని యడిగితిని. "ఉప్పెనలో పోయినవారికి" అనిరి.

1977 నవంబరు 19వ తేదిని దివిసీమను ఉప్పెన ముంచెను. వేలకొలది జనము పోయిరి. గుర్తించువారు లేని శవములను కుప్పలుగా దహనము చేసిరి. మరుసటి యేటి పండుగనాడు గోడప్రక్కన మా తల్లిగారు రెండు క్రొవ్వొత్తులు నిలిపిరి.