4294967297 (సంఖ్య)

4294967297 ఒక బేసి పూర్ణసంఖ్య. దీనిని నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు అని చదువుతారు. ఇది 2³² కంటె ఒకటి ఎక్కువ. ఫెర్మా సంఖ్యలలో ప్రధాన సంఖ్య కానిదిగా తేలిన మొట్టమొదటిది కావడం వలన గణిత చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం లభించింది.

ఫెర్మా ఊహ

2 యొక్క 1, 2, 4, 8, 16 ఘాతములకు ఒకటి చొప్పున కలుపగా వరుసగా 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఘాతమును ఇలా రెట్టింపు చేస్తూ పోతే ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫ్రెంచి గణితవేత్త పియరీ డి ఫెర్మా 1640లో తన లేఖలలో వ్రాశాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. తరువాతి ఘాతము 32; దానితో వచ్చేదే 4294967297.

1729లో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఒక లేఖలో ఈ విషయాన్ని లియొనార్డ్ ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ దీని కారణాంకాలను ప్రకటించాడు:

4294967297 = 641 × 6700417

ఈ రెండూ ప్రధాన సంఖ్యలు. ఒక శతాబ్దానికి దగ్గరగా నిలిచిన ఊహ ఈ ఒక్క గుణకారంతో వీగిపోయింది.

641 ఎలా దొరికింది?

ఈ సంఖ్యను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 64 యొక్క గుణిజమునకు 1 కలిపిన రూపంలో ఉండాలని ఆయిలర్ తరువాత నిరూపించాడు. ఆ రూపంలోని ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అనగా అయిదవ భాగహారంలోనే ఫలితం వస్తుంది. ఈ సూత్రం తెలియకపోయినా 641 కంటె చిన్నవైన ప్రధాన సంఖ్యలు 115 మాత్రమే. ఓపికగా భాగించుకుంటూ పోతే చేరదగిన దూరమే. ఫెర్మా వంటి దిట్టకు ఇది దొరకకపోవడం ఆశ్చర్యమే. 1812లో లండన్‌లో ప్రదర్శనలిచ్చిన జెరా కోల్‌బర్న్ అనే ఎనిమిదేళ్ళ అమెరికన్ బాలుడు నోటిలెక్కతోనే 641ని చెప్పాడని అంటారు.

భాగహారం చేయకుండానే దీనిని నిరూపించవచ్చు. 641 = 5×2⁷ + 1 = 5⁴ + 2⁴ అని గమనించాలి. మొదటి రూపం ప్రకారం 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1. కనుక దాని నాలుగవ ఘాతము 5⁴×2²⁸కు శేషం 1. అందుచేత 641, 5⁴×2²⁸ − 1ని భాగిస్తుంది. రెండవ రూపాన్ని 2²⁸తో గుణించగా వచ్చిన 5⁴×2²⁸ + 2³²ని కూడా 641 భాగిస్తుంది. రెండింటి భేదం 2³² + 1.

ఇతర ధర్మాలు

ఫెర్మా పేరిటే ఉన్న చిన్న సిద్ధాంతాన్ని ఆధారం 2తో ప్రయోగిస్తే ఈ సంఖ్య ప్రధాన సంఖ్యవలెనే కనిపిస్తుంది. 2³²కు శేషం −1 కనుక 2⁶⁴కు శేషం 1. 4294967296 ఘాతము 64 యొక్క గుణిజమే కాబట్టి అక్కడా శేషం 1 వస్తుంది. ఆధారం 3గా తీసుకుంటే మాత్రం ఇది సంయుక్త సంఖ్య అని బయటపడుతుంది.

దీనిని రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా వ్రాయవచ్చు: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకు ఇలా ఒకటికి మించి విధాలు ఉండవు.

భాజకాలు నాలుగు, వాటి మొత్తం 4301668356.

దీనికంటె రెండు తక్కువైన 4294967295, పైన చెప్పిన అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. గాస్, వాంట్జెల్‌ల ఫలితాల ప్రకారం అన్ని భుజాలు గల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో నిర్మించవచ్చు. 4294967297 భుజాలు గలదానిని నిర్మించలేము. బేసి సంఖ్యలో భుజాలున్న నిర్మాణయోగ్యమైన బహుభుజులలో తెలిసినంతవరకు పెద్దది ఆ మొదటిదే. 65537 తరువాత మరొక ఫెర్మా ప్రధాన సంఖ్య 2024 నాటికి కూడా దొరకలేదు.