రాయి దొరికిందెవరికి? పేరు మిగిలిందెవరికి?
గొడ్డలి రాళ్ల సేకరణ చరిత్రపై కొన్ని ఆలోచనలు

మా అవ్వ దగ్గర ఒక నల్ల రాయి ఉండేది. అరచేతిలో పట్టేంత రాయి. ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా, వెడల్పు పక్క వాదర తీసినట్టు నున్నగా ఉండేది. ఆ వాదర మూల కొంచెం పెచ్చు లేచిపోయింది. గేరిలో ఎవరికి కాలు వాచినా, చెయ్యి బెణికినా అవ్వ ఆ రాయితోనే ఆకు నూరి పట్టు వేసేది. పిడుగు పడినచోట పుట్టిన రాయి అనేది. అందుకే దాన్ని పిడుగురాయి అని పిలిచేవాళ్లం.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక కాలేజీ అధ్యాపకుడు మా ఊరికి వచ్చాడు. పాత రాళ్లు, పాత కుండపెంకులు ఏరుతున్నాడని చెప్పారు. మా మాదిగ గేరి మొదట్లోనే నిలబడి కబురు పంపాడు. అవ్వ రాయి తీసుకుపోయి చూపించింది. అతను చేతికి తీసుకోలేదు. "కడిగి తీసుకురా" అన్నాడు. ఆకు పసరు పోవడానికో, ఇంకెందుకో ఈనాటికీ నాకు తెలియదు. అవ్వ కడిగింది. అతను రుమాలులో చుట్టుకుని తీసుకుపోయాడు. ఎక్కడ దొరికిందని అడగలేదు. ఎవరికి దొరికిందని కూడా అడగలేదు.

డిగ్రీకి పోయినప్పుడు ఒక కాలేజీలో అద్దాల బీరువాలో ఆ రాయిని మళ్లీ చూశాను. పెచ్చు లేచిన మూల చూసి గుర్తుపట్టాను. కింద చీటీ ఉంది. "కొత్త రాతియుగపు గొడ్డలి" అని ఉంది, సేకరించినవారి పేరు ఉంది. ఊరి పేరు లేదు. అవ్వ పేరు ఉంటుందని నేను అనుకోలేదు గానీ, ఊరి పేరు కూడా లేకపోవడం చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

పేరు మిగిలినవాళ్లు

మన దేశంలో రాతి పనిముట్ల చరిత్ర ఎవరు రాసినా ఒక తేదీతో మొదలుపెడతారు. 1863 మే 30. ఆ రోజు మద్రాసు దగ్గర పల్లావరం పరేడ్ మైదానం పక్క గరుసు గోతిలో, భారత భూగర్భ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి పాత రాతియుగపు పనిముట్టు ఒకటి దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, అతని సహోద్యోగి విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కం దగ్గర మరెన్నో చేతి గొడ్డళ్లు కనిపెట్టారు. అత్తిరంపాక్కంలో తర్వాత జరిగిన తవ్వకాల వల్ల, అక్కడి అడుగు పొరల్లోని పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించారు. అంటే ఫుట్ చేతికి తగిలినవి చిన్న విషయాలు కావు.

ఈ కథని మనం ఇంకో రకంగా కూడా చదవాలి. పల్లావరంలో ఫుట్ భూమిని తవ్వలేదు. అక్కడ గొయ్యి ముందే ఉంది. ఆ గొయ్యి ఎవరో తవ్వారు. గడ్డపారతో గరుసు పెళ్లగించి గంపలకెత్తిన మనుషులు ఎవరో ఉన్నారు. కథలో గొయ్యి ఉంది, తవ్వినవాళ్లు లేరు. రోడ్డు పని, బావి పని, చెరువు పూడిక, రైలు కట్ట, ఇవన్నీ ఎవరి చేతుల మీదుగా జరిగాయో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పక్కరలేదు. నేల లోపలి చరిత్రని మొదట బయటకి తీసేది ఎప్పుడూ కూలి చేతులే.

ఇంకొంతమంది దగ్గర ఈ రాళ్లు ముందునించే ఉన్నాయి. 1861లో ఉత్తరాదిన టోన్స్ నది లోయలో లెమెజురియర్ అనే రైల్వే ఇంజనీరు నున్నటి గొడ్డలి రాళ్లు చూశాడు. అవి ఊళ్లల్లో చెట్ల కింద మహాదేవుడి పేరు మీద పూజలందుకుంటున్నాయి. దక్షిణాన సేలం దగ్గర షెవరాయ్ కొండల్లో కూడా అక్కడి గిరిజనులు ఇటువంటి రాళ్లని చిన్న గుళ్లల్లో పెట్టుకున్నారని ఫుట్ రాశాడు. అంటే సేకరణ దొరతో మొదలు కాలేదు. ఈ రాయి మామూలు రాయి కాదు, దీని మీద మనిషి చెయ్యి పడింది, లేకపోతే దేవుడి చెయ్యి పడింది అని గుర్తించి పక్కన పెట్టినవాళ్లు అంతకుముందే ఉన్నారు. మా అవ్వ అటువంటి మనిషే. కాకపోతే ఆ గుర్తింపుని "మూఢనమ్మకం" అన్నారు, దొర గుర్తింపుని "శాస్త్రం" అన్నారు.

ఇంత చెప్పి ఫుట్‌ని తిట్టి ఊరుకుంటే అది కూడా అన్యాయమే అవుతుంది. అతను తన రాళ్లు ఏ ఊరి దగ్గర, ఏ కొండ మీద దొరికాయో రాసిపెట్టాడు. 1904లో మద్రాసు మ్యూజియం అతని సేకరణని కొన్నది. 1912లో అతను చనిపోయాక, 1914లోనూ 1916లోనూ ఆ సేకరణ జాబితా, దాని మీద రాసిన వివరణలు అచ్చయ్యాయి. ఈనాటికీ బళ్ళారిలో గానీ కర్నూలులో గానీ పని చేసే పరిశోధకులు ఆ పుస్తకాలు తెరవాల్సిందే. ఊరి పేరు రాశాడు కాబట్టే అతని రాయి ఇంకా మాట్లాడుతుంది. ఊరి పేరు లేదు కాబట్టే మా అవ్వ రాయి బీరువాలో మూగదైపోయింది.

కర్నూలు జిల్లాలో, నల్లమల కనుమల్లో కమియాడ్ అనే అధికారి సేకరించిన పనిముట్ల మీద, కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పే బర్కిట్‌తో కలిసి 1930లో ఒక వ్యాసం వచ్చింది. మన నేల రాతియుగాలకి ఒక వరస కట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. నల్లమల రాయి కేంబ్రిడ్జి దాకా పోయింది గానీ, నల్లమలలో తిరిగిన మనుషుల మాట ఎంత దూరం పోయింది?

డబ్బిచ్చి రాయి కొంటే ఏమవుతుంది?

ఈ పద్ధతి ఒక్క మన దేశంలోనే ఉందనుకోకూడదు. ఫ్రాన్సులో అబ్‌విల్ అనే ఊళ్లో బూషే ద పెర్త్ అనే సుంకాల అధికారి, కంకర గోతుల్లో పని చేసే కూలీల దగ్గర రాతి గొడ్డళ్లు కొనేవాడు. అవి చాలా పాతకాలం మనుషులవని అతను ఎంత చెప్పినా చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. 1859లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వచ్చి, గోతులు చూసి ఒప్పుకున్నారు. ఆ తర్వాత అతను గొడ్డళ్లతో ఆగలేదు. ఆ కాలపు మనిషి ఎముక తెచ్చినవాడికి 200 ఫ్రాంకులు ఇస్తానన్నాడు. 1863లో, అంటే ఫుట్‌కి పల్లావరంలో రాయి దొరికిన ఏడాదే, మూలాఁ కిన్యోఁ గోతిలో దవడ ఎముక దొరికింది. దాని వెంట గొడ్డళ్లు కూడా దొరికాయి. రెండు దేశాల పండితులు కూర్చుని వాదించుకున్నారు. చివరికి అది కూలీలు పెట్టిన ఎముకే అని తేలింది.

ఈ సంగతి చెప్పి కూలీలని మోసగాళ్లు అంటారు. నాకు వేరే సంగతి కనిపిస్తుంది. ఎముకకి ధర పెట్టారు, గొయ్యి తవ్వినవాడి తెలివికి పెట్టలేదు. ఏ పొరలో ఏ రాయి వస్తుందో రోజూ చూసేవాడు వాడే. వాడిని సాక్షిగా కూర్చోబెట్టి అడిగి ఉంటే వాడు కూడా చరిత్రకారుడే అయ్యేవాడు. సరుకు అమ్మేవాడిగానే చూశారు కాబట్టి సరుకు తయారుచేశాడు.

సంగనకల్లు: గొడ్డళ్ల ఫ్యాక్టరీ

గొడ్డలి రాయి ఎంత పనితనమో తెలియాలంటే బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు కొండలు చూడాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరుకి పోయింది. నేల కింది సంస్కృతి మాత్రం రెండు పక్కలా ఒక్కటే. ఆ కొండల సంగతి ఫుట్ రాశాడు. తర్వాత బెండపూడి సుబ్బారావు తవ్వాడు. 1960లలో మళ్లీ తవ్వకాలు జరిగాయి. 2000 తర్వాత రవి కొరిసెట్టర్, నికోల్ బోయివిన్ మొదలైనవాళ్లు చాలా శ్రద్ధగా పని చేశారు.

హిరేగుడ్డ అనే కొండ మీద గ్రానైట్ మధ్యలో నల్ల డోలరైట్ రాయి గోడలాగా పోతుంది. కొత్త రాతియుగపు జనం ఆ గోడనించి రాయి పగలగొట్టి గొడ్డళ్లు చేశారు. మొదట పెద్ద దెబ్బలతో పెచ్చులు లేపి ఆకారం తెచ్చారు. తర్వాత ఇంకో రాయితో సన్నగా పొడిచి గరుకు తీశారు. చివర నీళ్లు, ఇసుక వేసి బండ మీద నూరారు. నూరీ నూరీ పడిన గాళ్లు ఆ బండల మీద ఇప్పటికీ ఉన్నాయి. క్రీ.పూ. 1400 నుంచి 1200 మధ్య ఈ పని బాగా పెద్ద ఎత్తున జరిగిందని పరిశోధకుల లెక్క. ఒక ఇంటి అవసరానికి మించిన పని అది.

మా నాయన బావులు తవ్వినవాడు, కొన్నాళ్లు కంకర మిషను దగ్గర రాయి కొట్టినవాడు. ఆ గొడ్డళ్ల ఫోటోలు చూపిస్తే ఆయన చూసింది వాదర కాదు, పెచ్చు లేచిన తీరు. "రాయికి పోగు ఉంటాదిరా. పోగు చూసి కొట్టినాడు వీడు. నేర్చినోడు" అన్నాడు. నేను రెండేళ్లు చదివి తెలుసుకున్న సంగతి ఆయన ఒక చూపుతో చెప్పాడు.

అదే కొండల మీద గ్రానైట్ క్వారీలు నడిచాయి. వేల ఏళ్ల నాటి పని స్థలాలు కొంత పిండి అయిపోయాయి. పగలగొట్టింది మళ్లీ మనలాంటి కూలీలే. పూట గడవక పని చేసేవాళ్లని "చరిత్ర ధ్వంసం చేశారు" అంటే కుదరదు. లీజు ఎవరిది, లాభం ఎవరిది అని అడగాలి. బళ్ళారిలో ఇప్పుడు ఫుట్ పేరు మీద మ్యూజియం ఉంది. మంచిదే. రాయి చేసినవాడి పేరు మనకి దొరకదు, నిజమే. దొరికించుకున్నవాడి పేరయినా దొరకాలి కదా.

రాక్షసుల బూడిదా, పశువుల పేడా?

ఈ గొడ్డళ్లు చేసిన కాలపు జనం బూడిద దిబ్బలు కూడా వదిలిపోయారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బని వాలిని దహనం చేసిన బూడిద అంటారు. చాలా దిబ్బల మీద రాక్షసుల కథలున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్వితే, పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ బూడిద పశువుల దొడ్లలో పోగుపడి కాలిన పేడ అని తేలింది. శాస్త్ర పరీక్షలు కూడా అదే చెప్పాయి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో పద్దయ్య జరిపిన తవ్వకాల్లో పశువులని కోసిన తావు కూడా దొరికింది. క్రీ.పూ. 3000 మొదలుకుని ఈ నేల మీద పశువుని పెంచినవాళ్లు, దాని పేడ ఎత్తినవాళ్లు, దాని మాంసం తిన్నవాళ్లు ఉన్నారు. రాక్షసుల కథ కింద దాగింది మామూలు శ్రమజీవుల బతుకు.

"ఆది" అనే మాట

ఇక్కడే మన మిత్రులు ఒక మాట అంటారు. "అయితే ఈ గొడ్డళ్లు మనవే. మనమే మూలవాసులం, ఇదే రుజువు." ఆ ఆశ నాకు అర్థమవుతుంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, "పంచమ" అన్న పేరు తోసేసి "ఆది ఆంధ్ర" అన్న పేరు తీసుకుంది. అది ఆత్మగౌరవం కోసం జరిగిన గొప్ప పని. దాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు.

కానీ రాయి మీద కులం రాసి ఉండదు. నాలుగు వేల ఏళ్ల నాటి గొడ్డలిని ఈనాటి ఏ ఒక్క కులానికీ ముడిపెట్టడానికి ఆధారం లేదు. అంబేద్కర్ 1946లో శూద్రుల మీద, 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకాల్లో జాతి సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. అంటరానితనం రక్తంలోనించి వచ్చింది కాదని, చరిత్రలో ఒక దశలో పుట్టిందని వాదించాడు. పుట్టింది కాబట్టే పోగొట్టవచ్చు. రాతి గొడ్డలితో రక్తసంబంధం నిరూపించుకోబోతే, మనం కాదన్న వాదననే తిరిగి నెత్తికెత్తుకున్నట్టు అవుతుంది. రేపు ఇంకొకడు ఇంకో రాయి తెచ్చి "మేము ఇంకా ముందు" అంటాడు.

మన హక్కు రక్తానిది కాదు, పనిది. రాయి పోగు తెలిసినవాడు, మన్ను రంగు తెలిసినవాడు, పశువు తోలు, ఎముక తెలిసినవాడు ఈ చరిత్రని చదవగలడు. అద్దాల బీరువా ముందు నిలబడి చేతులు కట్టుకోవాల్సిన అవసరం మనకి లేదు.

మనం చెయ్యాల్సింది

ఊళ్లల్లో పని చేసే టీచర్లకి, విద్యార్థులకి కొన్ని మాటలు. గొడ్డలి రాయి కనిపిస్తే వెంటనే ఎత్తి జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే ఫోటో తియ్యండి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టండి. ఏ పొలం, ఏ వంక గట్టు, ఎంత లోతు, పక్కన కుండపెంకులు, ఎముకలు ఉన్నాయా అని రాసుకోండి. ఎవరికి దొరికిందో, దాన్ని వాళ్లు ఏమని పిలుస్తారో రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు రాయండి. కొనవద్దు, అమ్మవద్దు. వందేళ్లు దాటిన ఇటువంటి వస్తువుల మీద 1972 చట్టం ఉంది, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం నేరం. రాష్ట్ర పురావస్తు శాఖకి రాతపూర్వకంగా తెలపండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఊరివాళ్లు పూజ చేసుకునే రాయిని మాత్రం అక్కడే ఉంచండి, వివరాలు రాసుకుంటే చాలు.

ఈ మధ్య మా నాయనని అడిగాను, అవ్వ రాయి ఎక్కడిదని. ఇన్నేళ్లలో నేను కూడా అడగలేదు. ఆయన ఆలోచించుకోను కూడా లేదు. "వంక గట్టున బావి తవ్వేటప్పుడు. పైన నల్లమన్ను, నడుము లోతు పోయినాక తెల్లగా బూడిద మాదిరి మన్ను పడింది. అందులో దొరికె. ఎర్ర కుండపెంకులు కూడా వచ్చినాయి. గంపెడు పారబోసినాం" అన్నాడు.

రాయిని కడిగించుకుని తీసుకుపోయిన మనిషికి ఇదంతా ఒక్క ప్రశ్నతో దొరికి ఉండేది. నేను రాసుకున్నాను, పైన నాయన పేరు, ఊరి పేరు, తేదీ వేసి.