కారులో ఖాళీ ఆసనములు

1943వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము వేయించిన గోడపటములలో ఒకదానిని చరిత్రకారులు నేటికిని తరచుగా ప్రస్తావించుచుందురు. వైమర్ పర్సెల్ అను చిత్రకారుడు వ్రాసిన ఆ పటములో టోపీ ధరించిన పెద్దమనిషి యొకడు కారు నడుపుచుండును. ప్రక్క ఆసనమున మనిషి లేడు. కాని తెల్లని గీతలతో హిట్లరు ఛాయ మాత్రము కూర్చుండియుండును. ఒంటరిగా కారులో పోవువాడు శత్రువును వెంటబెట్టుకొని పోవుచున్నట్లే యని దాని భావము.

పెట్రోలునకు కొదవ లేని దేశమున ఇంత కటువైన మాట ఏల పుట్టెను? అసలు కొరత రబ్బరునకు. 1942 తొలి మాసములలో మలయా, డచ్చి తూర్పు ఇండియా దీవులు జపాను వశమైనవి. అమెరికాకు కావలసిన సహజ రబ్బరులో నూటికి సుమారు 90 పాళ్లు ఆ ప్రాంతమునుండియే దిగుమతి యగుచుండెను. టైర్లు అరగకుండవలెనన్న కార్లు తక్కువగా తిరుగవలెను. అవి తక్కువగా తిరుగవలెనన్న పెట్రోలును కొలిచి పోయవలెను. తూర్పు రాష్ట్రములందు 1942 మే నెలలోనే మొదలైన పెట్రోలు రేషను కావుననే డిసెంబరు 1 నుండి దేశమంతటను అమలునకు వచ్చెను. అత్యవసరము లేనివారి కారునకు ‘ఏ’ చీటీ అంటింతురు. దానిపై వారమునకు దొరకునది మూడు నాలుగు గ్యాలన్లు మాత్రమే. వేగము గంటకు 35 మైళ్లు మించరాదు. కర్మాగారములకు పోవువారు ఇరుగుపొరుగువారితో జతకూడి, నేడు ఒకరి కారు, రేపు ఇంకొకరి కారు చొప్పున ప్రయాణము సాగించిరి.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయినదన్న వార్త వచ్చిన మరునాడే పెట్రోలు రేషను ఎత్తివేసిరి. దానితో ఆ పొత్తులును చాలవరకు సడలిపోయినవి. దేశభక్తికి కారు నింపగల శక్తి కలదు గాని, అది యుద్ధమున్నంత కాలమే యని మాకు తోచుచున్నది.

ఇతరులను కారులో ఎక్కించుకొను పద్ధతి యుద్ధముతో పుట్టినదియు కాదు. 1914లో లాస్ ఏంజెలెస్ నగరమున కొందరు కార్ల యజమానులు ట్రాము దారుల వెంబడి పోవుచు, ఐదు సెంట్లకు ఎవరినైనను ఎక్కించుకొనసాగిరి. ఆ నాణెమునకు వాడుకలో ‘జిట్నీ’ యని పేరు. ఆ పేరే బండికిని వచ్చెను. ఏడాది తిరుగకుండ ఈ బండ్లు దేశమంతట వేల సంఖ్యలో వ్యాపించినవి. రాబడి తగ్గిన ట్రాము కంపెనీలు మొరపెట్టుకొనగా, నగరపాలకులు లైసెన్సులు, పూచీకత్తులు విధించి వాటిని నాలుగైదేండ్లలో దాదాపు రూపుమాపిరి. మన ఊళ్లలోని షేర్ ఆటో ఎక్కినవారికి ఆ జిట్నీ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగబట్టగా, పీపా ధర కొద్ది మాసములలోనే సుమారు నాలుగు రెట్లయినది. పాత మాట మరల వినవచ్చెను. ఈసారి గోడపటములకన్న రోడ్డే ఎక్కువ పని చేసినది. వాషింగ్టన్ నగరమునకు వర్జీనియా వైపునుండి పోవు షర్లీ హైవేపై 1969లోనే బస్సులకు ప్రత్యేక మార్గము విడిచియుండిరి. 1973 డిసెంబరులో, నలుగురు లేక అంతకు మించి కూర్చున్న కార్లకును ఆ మార్గమును తెరచిరి. ప్రక్క వరుసలలో ఒంటరి కార్లు నత్తనడక నడచుచుండగా, నిండిన కారు సాఫీగా సాగిపోవును. ఆ లాభము ఎవరికి కంటబడదు?

అటుపిమ్మట జరిగినది ఏ అధికారియు ఊహించి చేసినది కాదు. కావలసిన తలకాయలు లేని కార్లవారు బస్సు స్టాపుల యొద్ద ఆగి, తాము పోవు చోటు చెప్పి, అపరిచితులను ఎక్కించుకొనసాగిరి. ఇట్లు ఎక్కువారికి ‘స్లగ్గు’లని పేరు వచ్చెను. ఆ మాటకు చెల్లని నాణెమని అర్థము. బస్సు ప్రయాణికులవలె నిలబడి బస్సు ఎక్కనివారిని డ్రైవర్లు అట్లు పిలిచిరని చెప్పుదురు. డబ్బు చేతులు మారదు. కారువాడు పలుకరించినగాని ఎక్కినవాడు మాటాడడు. ఒంటరి స్త్రీని వరుసలో విడిచి పోరాదు. ఈ మర్యాదలను ప్రభుత్వము శాసింపలేదు, ప్రయాణికులే ఏర్పరచుకొనిరి. ముక్కుమొగము తెలియనివారి నడుమ ఇంతటి నమ్మకము నిలుచుట మాకు మిక్కిలి అబ్బురముగ నున్నది. 1989లో నలుగురను నియమమును ముగ్గురికి తగ్గించిరి.

ఇట్టి మార్గములు లేనిచోట్ల కథ వేరు. 1980 జనాభా లెక్కలలో అమెరికా ఉద్యోగులలో నూటికి సుమారు 20 మంది కార్లు పంచుకొని పనికి పోవుచుండగా, 2000 నాటికి వారు 12 మందికి తగ్గిరి. ఒంటరిగ నడుపుకొనువారు 64 నుండి 76కు పెరిగిరి. చమురు చౌకయైనది, ఇంటింట రెండవ కారు వెలసినది, ఉద్యోగములు నగరమధ్యమును విడిచి నలుదిక్కుల చెదరినవి. ఒకే గడియకు ఒకే చోటికి పోవు పొరుగువాడు దొరకుటయే కష్టమైనది.

సింగపూరు వారు దీనిని మరియొక విధముగ పట్టుకొనిరి. 1975 జూన్ 2 నుండి ఉదయము రద్దీవేళ నగరమధ్యమున ప్రవేశింపగోరు కారు రోజునకు 3 డాలర్ల చీటీ కొనవలెను. నలుగురున్న కారునకు మాత్రము మినహాయింపు. దారుల మొదట నిలిచిన సిబ్బంది అద్దముపై చీటీని, లోపల తలలను కంటితోనే చూచి లెక్కించుచుండిరి. ఆ వేళలలో లోనికి వచ్చు కార్లు నాలుగింట దాదాపు మూడు వంతులు తగ్గినవి. ఇచ్చటను బస్సు స్టాపులయొద్ద మనుషులను ఎక్కించుకొనుట మొదలైనది. అయితే అట్లెక్కినవారిలో బస్సులో పోవలసినవారే పెక్కుమంది. 1989లో ఆ మినహాయింపును తొలగించిరి. 1998లో చీటీల స్థానమున విద్యుత్పరికరములు వచ్చినవి. అవి బండిని గుర్తించి సుంకము వసూలు చేయును. లోపల ఎందరున్నారో చూడవు.