రంగుటద్దము

నిలువు, అద్దము అను పదములు కలిసినపుడు నడుమ టుగాగమము వచ్చి నిలువుటద్దమైనట్లే, రంగు, అద్దము కలిసి రంగుటద్దమైనవి. ముఖ్యముగా దర్పణమునకు పేరైన అద్దము కళ్ళద్దములలోను, కిటికీ అద్దములలోను వెలుతురును లోనికి విడుచు గాజుపలకకును చెల్లినది. కాచశబ్దభవమైన గాజు అను మాట ఆ పదార్థమునకే కాక స్త్రీల కరభూషణమునకును నామమైనది.

‘స్టెయిన్డ్ గ్లాస్’ అను ఆంగ్లనామము పైపూతను స్ఫురింపజేయును గాని, పదమూడవ శతాబ్దిలో ఐరోపా శిల్పులు కరగిన గాజునందే లోహభస్మములు కలిపి, కోబాల్టుచే నీలిమను, రాగిచే అరుణిమను సాధించి, ఆ ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి, కనుముక్కు తీరును నల్లని వర్ణముతో గీసి కొలిమిలో కాల్చెడివారు. కనుక మన ‘రంగుటద్దము’ ఆ శిల్పమునకు మిక్కిలి తగిన పేరు.

1170 డిసెంబరు 29న కాంటర్‌బరీ ప్రధానాలయమున హతుడై, 1173లో పునీతుడుగా ప్రకటింపబడిన ఆర్చిబిషప్ థామస్ బెకెట్ మహిమలను అచటి ట్రినిటీ చాపెల్ రంగుటద్దపు గవాక్షములు నేటికిని చూపుచున్నవి. ఒక పలకలో ఫోర్డ్‌విచ్ వాస్తవ్యుడైన హెన్రీ అను ఉన్మాదిని, చేతులు కట్టి, కఱ్ఱలతో కొట్టుచు సమాధి చెంతకు కొనివచ్చుచున్నారు. మఱియొక పలకలో అతడు స్వస్థచిత్తుడై మోకరిల్లి కృతజ్ఞత తెలుపుచుండగా, ఆ త్రాళ్ళును ఆ కఱ్ఱలును నేలపై పడియున్నవి. చదువెఱుగని యాత్రికునకు సైతము ఈ కథ బోధపడును.

1924లో ప్రతిష్ఠితమైన మెదకు చర్చి గవాక్షములలో క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును దర్శించు తెలుగువారికిని ‘రంగుటద్దము’ అను మాటయే చాలును. దీనికి మాఱుగా పరభాషాపదమును అరువు తెచ్చుకొనవలసిన అవసరము మనకు లేదు.