హక్కు అనే మాట



ఈ జుమా నాడు ఒకే ఒక మాటను గురించి మాట్లాడదలిచాము. అది మీ అందరికీ తెలిసిన మాట. తెలుగు దినపత్రికలో ఏ పుట తెరిచినా కనిపించే మాట. ఓటు హక్కు, ఆస్తి హక్కు, విద్యా హక్కు, సమాచార హక్కు, మానవ హక్కులు. పొలం గట్టు దగ్గర తగవుపడే ఇద్దరు రైతుల నోట ముందుగా వచ్చేదీ ఈ మాటే. అచ్చమైన తెలుగు మాట అనుకునేంతగా ఇది మన భాషలో కలిసిపోయింది. కాని ఇది అరబీ పదం. అంతేకాదు, అల్లాహ్ శుభనామాలలో ఒకటి. సూరా హజ్ 6వ ఆయత్‌లో అల్లాహ్ 'అల్ హఖ్' అని పేర్కొనబడ్డాడు. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం రెండు వందలకు పైగా చోట్ల వస్తుంది. ఒకచోట సత్యమని, ఒకచోట న్యాయమని, ఇంకొకచోట ఒకరి నుండి మరొకరికి చెల్లవలసినదని దాని అర్థం. ఇంతటి పదం మన వాకిట్లోకి ఏ దారిన వచ్చింది, ఆ దారిలో ఏమి జారవిడుచుకొంది అన్నదే నేటి మన విషయం.

మేము మద్రసాలో చదువుకునే రోజులలో మా ఉస్తాద్ ఒకరు ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ (రహ్మతుల్లాహి అలైహి) రచించిన 'ముఫ్రదాత్' పాఠం చెబుతూ, మధ్యలో గ్రంథం మూసి, లేచి వెళ్లి గది తలుపును ఊపి చూపించారు. అది పాత కట్టడం. తలుపుకు ఇనుప బందులు లేవు. తలుపు కింది మూలన పొడుచుకొని ఉండే మొన రాతిలో తొలిచిన గుంతలోకి దిగి, అక్కడే తిరుగుతుంది. మన పల్లెల్లోని పాత ఇళ్లలో ఇప్పటికీ అటువంటి తలుపులు ఉన్నాయి. ఆ గుంతను అరబీలో 'హుఖ్' అంటారు. అక్షరాలు అవే, పలుకులో మాత్రం తేడా. సుమారు వెయ్యేళ్ల నాటి ఆ ఇమామ్ 'హఖ్' అనే పదానికి అర్థం చెప్పడానికి ఈ తలుపునే ఎంచుకున్నారు. మొన తన గుంతలో సరిగ్గా అమరితేనే తలుపు వంకర పోకుండా తిరుగుతుంది. ఆ అమరికే హఖ్ అన్నారు. మొన ఒక్కటే ఉంటే హఖ్ లేదు, గుంత ఒక్కటే ఉన్నా లేదు. ఉస్తాద్ చెప్పిన తక్కిన పాఠాలలో ఎన్నో మరచిపోయాము గాని ఆ తలుపు చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

రాగిబ్ కంటే ముందు, హిజ్రీ 395లో పరమపదించిన భాషావేత్త ఇబ్నె ఫారిస్ ఈ ధాతువుకు గట్టిదనం, సరిగా ఉండడం అనే మూలార్థం చెప్పారు. అరబీకి తోబుట్టువైన హీబ్రూలో ఇవే అక్షరాలతో 'హోక్' అనే పదముంది. రాతిపై చెక్కడం అనే భావం నుండి పుట్టి, తౌరాత్ భాషలో శాసనమనే అర్థానికి స్థిరపడింది. చెక్కినది చెరగదు గదా! మరొక సంగతి కూడా చెబితే మీరు నవ్వుతారేమో. నవాబుల చిత్రాలలో కనిపించే హుక్కా కూడా ఈ అక్షరాల నుండి వచ్చినదే. అరబీలో చిన్న డబ్బీని 'హుఖ్ఖా' అంటారు. ఫారసీ మీదుగా మన దేశానికి వచ్చి అది పొగ తాగే నీటి పాత్రకు పేరైంది. ఒకే ఇంటి బిడ్డలలో ఒకరు మస్జిదుకు, ఒకరు మజ్లిసుకు చేరినట్లు!

ఇక అసలు విషయానికి వద్దాము. అరబీలో హఖ్ అనే పదం వెంట రెండు చిన్న మాటలు నడుస్తాయి. ఒకటి 'లి', అంటే 'కొరకు'. మరొకటి 'అలా', అంటే 'పైన'. ఒకరి కొరకు ఉన్న హఖ్ వేరొకరి పైన ఉన్న హఖ్. మొన, గుంత అన్నట్లు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) ఒకనాడు మహాప్రవక్త (స) వెనుక ఒకే వాహనంపై కూర్చొని వెళుతున్నారు. దాసులపై అల్లాహ్‌కు ఉన్న హఖ్ ఏమిటో, అల్లాహ్‌పై దాసులకు ఉన్న హఖ్ ఏమిటో తెలుసా అని ప్రవక్త (స) వారిని అడిగారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన హదీసు ఇది. సాటిలేని ప్రభువు సైతం తన కరుణతో తనపై దాసుల హఖ్‌ను నిలుపుకున్నాడు. అటువంటప్పుడు తనపై ఎవరి హఖ్ లేదని చెప్పుకోగల మనిషి ఎవరు?

ఇప్పుడు ఒక చారిత్రక ఘట్టం. హిజ్రీ 11లో ప్రవక్త (స) పరమపదించిన తరువాత కొన్ని తెగలు నమాజు చేస్తాము గాని జకాత్ చెల్లించము అన్నాయి. వారిపై యుద్ధానికి హజ్రత్ ఉమర్ (రజి) మొదట సంకోచించారు. ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చిన సమాధానంలోని ముఖ్యమైన మాట ఏమంటే, జకాత్ అనేది 'హఖ్ఖుల్ మాల్' అని. ఈ రెండు పదాలను నేరుగా తెలుగులో పెట్టి చూడండి: 'సంపద హక్కు', లేదా 'ఆస్తి హక్కు'. తెలుగువానికి ఏమి అర్థమవుతుంది? నా ఆస్తి నాది, దాన్ని ఎవరూ తీసుకోరాదు అని. అబూబక్ర్ (రజి) చెప్పింది దానికి సరిగ్గా ఎదురు. నీ సంపదలో నీది కాని భాగం ఒకటుంది, అది చెల్లించు అని. సూరా మఆరిజ్ 24, 25 ఆయత్‌లలో అడిగేవారికి, అడగలేక మిన్నకున్నవారికి విశ్వాసుల సంపదలో తెలిసిన హఖ్ ఉందని ఉన్నది. అక్కడ వాడినది దానమనే పదం కాదు, హఖ్ అనే పదం.

మరొక ఉదాహరణ. మన దస్తావేజులలో 'దారి హక్కు' అని రాస్తారు. పొరుగువాని పొలం గుండా నేను నడిచి వెళ్లవచ్చునని దాని భావం. హదీసులో 'హఖ్ఖుత్తరీఖ్' ఉంది. అదీ దారి హక్కే. కాని అక్కడ హక్కు మనిషిది కాదు, దారిది! దారి పక్కన కూర్చునేవారు చూపు దించుకోవాలి, ఎవరికీ కష్టం కలిగించరాదు, సలాంకు బదులు పలకాలి, మంచిని చెప్పి చెడును వారించాలి. ఇది దారికి మనం బాకీ ఉన్నది. శుక్రవారం మన మస్జిదు ముందు మోటారు సైకిళ్లు నిలిపే తీరు చూసినప్పుడల్లా ఈ హదీసు మాకు గుర్తుకు వస్తుంది.

ఒకే మాటకు అరబీలో, తెలుగులో ఇంత తేడా ఎందుకు వచ్చింది? మా అవగాహన ఇది. ఈ పదం తెలుగువారికి మింబర్ మీద నుండి రాలేదు, కచేరీ నుండి వచ్చింది. 1347లో దక్కనులో బహమనీ రాజ్యం ఏర్పడింది. 1518 నుండి 1687 వరకు గోలకొండలో కుతుబ్ షాహీలు పాలించారు. తరువాత మొగలులు, ఆసఫ్ జాహీలు. పాలనా భాష ఫారసీ. కుతుబ్ షాహీల కాలంలో ఫారసీతో పాటు తెలుగులోనూ రాసిన ఫర్మానాలున్నాయి. ఆ రాతకోతల వెంట జిల్లా, తాలూకా, వసూలు, జప్తు, జామీను, రుజువు, ఫిర్యాదు, వకీలు వంటి మాటలు తెలుగులోకి వరదలా వచ్చాయి. హక్కు కూడా ఆ గుంపులోనే వచ్చింది. భూమి శిస్తు లెక్కల్లో హక్ అంటే వంశపారంపర్యంగా గ్రామ, పరగణా ఉద్యోగులకు రాబడి నుండి ముట్టే వాటా. 1855లో హెచ్. హెచ్. విల్సన్ ప్రచురించిన న్యాయ, రెవెన్యూ పదకోశంలోనూ ఈ అర్థం ఉంది. అంటే కచేరీ మెట్లెక్కినవానికి ఈ మాట పరిచయమైంది 'నాకు రావలసినది' అనే ముఖంతోనే. 'నేను ఇవ్వవలసినది' అనే రెండవ ముఖం గడప అవతలే నిలిచిపోయింది. క్రయపత్రాలలో కనిపించే 'హక్కుభుక్తములు' అనే జంటపదాన్ని చూడండి. సగం అరబీ, సగం సంస్కృతం. ఆ రెండవ సగానికి అర్థం అనుభవించడమే.

ఉచ్చారణలో మాత్రం తెలుగు ఒక మేలు చేసింది. అరబీలో ఈ పదం చివర ద్విత్వముంది. ఉర్దూలో విడిగా పలికినప్పుడు ఆ ద్విత్వం పోయి 'హఖ్' అని తేలిపోతుంది. తెలుగు తన అలవాటు కొద్దీ, 'బస్' అన్నదాన్ని 'బస్సు' చేసినట్లే, దీన్ని 'హక్కు' చేసింది. పోయిన తష్దీద్ తిరిగి వచ్చింది! కంఠం లోతు నుండి పలికే ఆ రెండు అక్షరాలు పోయాయని ఖారీలు నొచ్చుకుంటారు గాని, అది వేరే సంగతి.

హిందీ రాజ్యాంగంలో 'అధికార్' అనీ, తమిళులు 'ఉరిమై' అనీ వాడుకుంటుండగా తెలుగువారు, కన్నడిగులు ఈ అరబీ మాటనే సొంతం చేసుకున్నారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని మూడవ భాగాన్ని తెలుగులో 'ప్రాథమిక హక్కులు' అంటాము. పౌరుల బాధ్యతలను 1976లో చేర్చినప్పుడు వాటికి 'ప్రాథమిక విధులు' అని వేరొక పేరు పెట్టవలసి వచ్చింది. అరబీలో ఒక మాట మోసిన బరువుకు తెలుగులో రెండు మాటలు కావలసి వచ్చాయన్నమాట.

ఈ పదం వెళ్లిన ఇతర దేశాలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. ఇరాన్‌లో దీని బహువచనమైన 'హుఖూఖ్'కు న్యాయశాస్త్రమనీ, ఉద్యోగి జీతమనీ రెండర్థాలు. ఆఫ్రికా తూర్పు తీరపు స్వాహిలీలో 'హాకీ' అంటే హక్కు, న్యాయం కూడా. మానవ హక్కులను వారు ఆదము సంతతి హక్కులంటారు. ఇండోనేషియాలోనూ 'హక్' అనే అంటారు. మాకు అన్నింటి కంటే నచ్చినది తుర్కీ వారి ఆచారం. అక్కడ జనాజా ముందు ఇమామ్ జమాఅత్ వైపు తిరిగి, ఈ మృతునిపై మీకున్న హక్కును హలాల్ చేస్తున్నారా అని అడుగుతారు. చేశామని జనం బదులిస్తారు. దూరప్రయాణానికి వెళ్లేవారు కూడా ఇరుగుపొరుగును అదే అడిగి బయలుదేరుతారు. అక్కడ హక్కు అనగానే సామాన్యునికి భయం గుర్తుకు వస్తుంది, సాటి దాసునిది ఏదైనా తన మీద మిగిలిపోయిందేమోనని.

మన ఉర్దూలోనూ 'హఖ్ అదా కర్నా' అనే వాడుక ఉంది, అంటే హక్కును చెల్లించడం. తెలుగులో హక్కును అడుగుతాము, పొందుతాము, సాధిస్తాము, కాపాడుకుంటాము, చివరకు వదులుకుంటాము. చెల్లించడం మాత్రం వినబడదు. రెండు భాషలు మాట్లాడే మన ఇళ్లలో కూడా నమాజు దగ్గర ఉర్దూ హఖ్, ఆస్తి దగ్గర తెలుగు హక్కు నడుస్తున్నాయి. ఇది ఎవరినో నిందించడానికి అంటున్న మాట కాదు. మా మీద వేసుకొని చెబుతున్నాము.

ఇరవై ఏళ్ల క్రితం మేము ఇమామత్ చేస్తున్న ఊరిలో ఒక పెద్దాయన మరణించారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. నలభై రోజులు గడవకముందే కొడుకులు అక్కచెల్లెళ్లను రిజిస్ట్రారు కచేరీకి తీసుకువెళ్లారు. ఆ కాగితం పేరు 'హక్కు విడుదల దస్తావేజు'. సాక్షి సంతకానికి మమ్మల్ని కూడా పిలిచారు. వెళ్లాము. చెట్టు కింద బల్ల మీద కాగితం పెట్టినప్పుడు పెద్ద కూతురు మెల్లగా మమ్మల్ని అడిగింది: "మౌల్సాబ్, నా చేతికి ఎప్పుడూ రానిదాన్ని నేను ఎట్లా వదులుకుంటాను?"

ఆ మసఅలా మేము చదవనిది కాదు. వాటా పంచి, వారసురాలి స్వాధీనంలో పెట్టిన తరువాత ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే అది బహుమానం. లేదా దానికి బదులుగా ఏదైనా పుచ్చుకొని ఆమె రాజీ పడవచ్చు. పంచకుండా, చూపించకుండా 'వదిలాను' అనిపిస్తే ఆమె వాటా ఆమెదే అని మన ఫుఖహా రాశారు. భర్త శవం ముందు భార్యను నిలబెట్టి మహర్ మాఫీ చేయించడం కూడా ఇటువంటిదే. ఆ గడియలో కాదనే నోరు ఏ స్త్రీకి ఉంటుంది? అన్నీ తెలిసి మేము ఆ బిడ్డకు బదులు చెప్పలేదు. సోదరులు చూస్తున్నారు. సంతకం చేసి వచ్చాము.

ఏడాది పాటు మనసు నిలవలేదు. చివరకు ఆ సోదరుల ఇంటికి వెళ్లి విషయం చెప్పాము. పెద్దవాడు కాగితం తెచ్చి మా ముందు పెట్టి, "మౌల్సాబ్, ఇక్కడ ఉన్న సంతకం మీదే కదా" అన్నాడు. కాదనడానికి మాకు నోరు లేదు. చిన్నవాడు మాత్రం మాట్లాడలేదు. ఎనిమిది నెలల తరువాత, తన వంతు పొలంలో నుండి అక్కల భాగం కొలిపించి వారి పేర రాసిచ్చాడని తెలిసింది. ఈసారి సాక్షిగా మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మేమే అడిగి వెళ్లి సంతకం చేశాము. పెద్దవాని దగ్గరి భాగం ఇప్పటికీ అలాగే ఉంది. ఆ అక్క నేటికీ ఏటా రమజాన్‌లో మా ఇంటికి సేమియా పంపుతుంది.