మండువా నుండి ముప్పది నలుబది వరకు

బెంగుళూరు నగరమున సామాన్య కుటుంబీకుని ఆశ యంతయు ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల చిన్న స్థలముపై నిలిచియుండును. అందు ఇల్లెట్లు కట్టవలెనను ప్రశ్నకు మేము పాత యిండ్లనుండి సమాధానము వెదకుచున్నాము.

కెంపేగౌడ 1537 ప్రాంతమున నెలకొల్పిన పేటలో వీథులు ఇరుకు. ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని యుండెడివి. ప్రక్కగోడలకు కిటికీలు పెట్టుటకు వీలులేదు. అట్టి చోట వెలుగు పైనుండియే రావలెను. మన తెలుగుదేశమున మండువా యనియు, కన్నడదేశమున తొట్టి యనియు పిలిచెడి నడిమి యాకాశపు తెరపి యీ యిక్కట్టును తీర్చినది. అది కలవారి వైభవము మాత్రమే కాదు, ఇంటికి ఊపిరి.

1898లో ప్లేగు వ్యాపించి పేటను గడగడలాడించెను. ఇరుకుదనమును వీడి జనులు మల్లేశ్వరము, బసవనగుడి విస్తరణములకు తరలిరి. అచ్చట వీథులు వెడల్పు, ఇంటిచుట్టును ఖాళీస్థలము, వెనుక పారిశుద్ధ్యమునకు సన్నని సందు. నాలుగు దిక్కుల కిటికీలు తెరచుటకు వీలు కలుగగా నడుమ మండువాతో పని లేకపోయెను. 1896లో హెసరఘట్ట నీరు, 1905లో శివనసముద్రము నుండి విద్యుత్తు వచ్చెను. వంటిల్లు నూతిని అంటిపెట్టుకొని యుండవలసిన యవసరము తగ్గెను.

తరువాత 1945లో ఏర్పడిన నగరాభివృద్ధి ట్రస్టు బోర్డును, 1976లో దాని స్థానమున వచ్చిన అభివృద్ధి ప్రాధికార సంస్థయు లేఅవుట్లు వేసినవి. జనము పెరిగి స్థలములు చిన్నవాయెను. ప్రక్కయింటి గోడ మరల దగ్గరకు వచ్చినది. మండువా మాత్రము తిరిగి రాలేదు.

ఈ పొరపాటు మేమును చేసితిమి. ఒక్క అడుగైనను వృథా కారాదని నడిమి భాగమంతయు కప్పించితిమి. పొరుగువారి మేడ లేచిన పిదప మా వంటింట పట్టపగలే దీపము వెలిగించవలసి వచ్చెను. చూపు మందగించిన మా తల్లిగారు గోడ తడుముకొనుచు నడచుట చూచినప్పుడుగాని మాకు తప్పు తెలియలేదు.

కావున క్రొత్తగా కట్టువారికి మా మనవి యిది. స్థలము 1,200 చదరపు అడుగులు. ముందు 5, వెనుక 3, ఇరుప్రక్కల మూడేసి అడుగులు విడిచినచో 24 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు మిగులును. విడువవలసిన కొలతలు నియమముల ననుసరించి మారును గనుక ముందుగా విచారించుకొనవలెను. గోడల మందముతో కలిపి ముందు 12 అడుగుల వరుసలో కూర్చుండు గదియు, పెద్దలకు మెట్లెక్క నవసరము లేని గదియు; నడుమ 10 అడుగులలో భోజనశాల, మెట్లు, స్నానపు గది; వెనుక 10 అడుగులలో వంటిల్లు, పడకగది అమరును. నడిమి వరుసలో, వంటింటి గోడ నానుకొని, 4 అడుగుల వెడల్పు 6 అడుగుల పొడవు చోటు కప్పక ఆకాశమునకు విడువవలెను. వాననీరు పోవుటకు తూము, పైన ఇనుప జాలి చాలును.

ఆ చోటు 24 చదరపు అడుగులు. స్థలమున యాబదవ వంతు. లెక్కలో అది నష్టముగా కన్పించును. కాని పగటిపూట తల్లి తన బిడ్డల ముఖములు దీపము లేకయే చూడగల యింటికి ఆ మూల్యము అధికమని మేము తలంపము.