ఖాళీయైన పీఠము ఎవరి సొత్తు?
నారాయణఖేడు ఉపయెన్నిక చరిత్రము



వార్షిక మహాసభలయందు పూర్వుల కీర్తిని స్మరించుట మనకు పరిపాటి. అది యుచితమే. అయినను చరిత్రమనగా రాజుల కథలు మాత్రమే గాదు. మన కన్నులయెదుట, మన చేతులమీదుగా జరిగినదియు చరిత్రమే. కావున మన కంగ్టి మండలము చేరియున్న నారాయణఖేడు శాసనసభా నియోజకవర్గమున 2016వ సంవత్సరమున జరిగిన ఉపయెన్నికను గూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాము. ఒక పక్షమును పొగడుటకుగాని, వేరొక పక్షమును తెగడుటకుగాని ఈ వ్యాసము వ్రాయబడలేదు. ప్రజాప్రతినిధి పీఠము ఖాళీయైనపుడు అది యెవరి సొత్తు అను ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా యుద్దేశము.

మన ప్రాంతము నిజాము రాజ్యమున బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు నారాయణఖేడు తాలూకా బీదరునుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరెను. అటుపిమ్మట మెదకు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీనుండి సంగారెడ్డి జిల్లాలోనిదయ్యెను. కర్ణాటక సరిహద్దు నానుకొనియున్న ఈ సీమలో సంతకు పోయినవానికి తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ పలుకులు ఒక్కచోటనే వినవచ్చును. నిజాము పాలనలో ఇచటి సామాన్య రైతునకుగాని, కూలివానికిగాని ఓటన్నది లేదు. 1952 నాటి మొదటి సార్వత్రిక యెన్నికలలోనే, 21 సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకిని ప్రతి పురుషునకును, దేశముఖునకును జీతగానికిని, సమానముగా ఒక్కొక్క ఓటు లభించెను. 1989లో ఆ వయస్సు 18కి తగ్గింపబడెను. ఇట్లు లభించినది చిన్న సొత్తు కాదని మనము మరువరాదు.

ఓటు అందరిదైనను, పీఠము మాత్రము చాలకాలము కొలది యిండ్ల నడుమనే తిరిగినది. షెట్కారు, మహారెడ్డి, పట్లోళ్ల అను మూడు వంశముల పేర్లు ఈ నియోజకవర్గపు విజేతల పట్టికలో మరల మరల కానవచ్చును. వీరిలో పట్లోళ్ల కిష్టారెడ్డిగారు కాంగ్రెసు పక్షమున 1989, 1999, 2009, 2014 సంవత్సరములలో నాలుగు పర్యాయములు గెలిచిరి. 2014లో, రాష్ట్రమంతట తెలంగాణ రాష్ట్ర సమితి గాలి వీచుచుండగా, ఆ పక్షపు అభ్యర్థి మహారెడ్డి భూపాల్‌రెడ్డిగారిని 14 వేల పైచిలుకు ఓట్లతో ఓడించిరి. 2015 ఆగస్టు 25వ తేదీన కిష్టారెడ్డిగారు పరమపదించిరి. పీఠము ఖాళీ యయ్యెను.

ఇట్టి ఖాళీ ఏర్పడినప్పుడు ఆరు మాసములలోగా ఉపయెన్నిక జరుపవలెనని, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1996లో చేర్చిన 151-ఎ ప్రకరణము విధించుచున్నది. సభ గడువు ఏడాదికి లోబడి యున్నపుడును, ఎన్నికల సంఘము కేంద్ర ప్రభుత్వముతో సంప్రదించి సాధ్యము కాదని ధ్రువపరచినపుడును మాత్రమే దీనికి మినహాయింపు గలదు. ప్రజలు ప్రతినిధి లేక దీర్ఘకాలము మూగవారై యుండరాదనుటయే దీని భావము. గడువు తీరుటకు కొలది దినములు ముందుగా, 2016 ఫిబ్రవరి 13న మన నియోజకవర్గమున పోలింగు జరిగెను.

చట్టము ఇట్లుండగా, ఆచారము వేరొకటి గలదు. సభ్యుడు మరణించినచో, అతని కుటుంబములోనివారిని పోటీలేకుండ గెలిపించుట మర్యాదయని కొందరి మతము. 2014లో కర్నూలు జిల్లా ఆళ్లగడ్డయందు శోభా నాగిరెడ్డిగారి మరణానంతరము ఆమె కుమార్తె అఖిలప్రియగారు ఏకగ్రీవముగా ఎన్నికైరి. దుఃఖములో నున్న కుటుంబమును గౌరవించుట మంచిదే. కాని గౌరవము వేరు, అధికారము వేరు. పోటీ లేనిచో ఓటరు తలుపు తట్టువాడుండడు. తలుపు తట్టనివానిని దారి యేది, నీరేది యని యడుగుట యెట్లు?

నారాయణఖేడున ఆ యాచారము సాగలేదు. కాంగ్రెసు పక్షమున కిష్టారెడ్డిగారి కుమారులు సంజీవరెడ్డిగారు, తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున భూపాల్‌రెడ్డిగారు, తెలుగుదేశము పక్షమున విజయపాల్‌రెడ్డిగారు నిలిచిరి. మంత్రి హరీశ్‌రావుగారు తమ పక్షపు ప్రచారభారమును వహించిరి. చెఱకు నరకు పనులకును, నగరపు కూలిపనులకును జనులు వలసపోవు ఈ సీమలో, వలస కాలముననే పోలింగు జరిగినను, నూటికి 80 మందికి పైగా ఓటు వేసిరి. 16వ తేదీన లెక్కింపు జరుగగా భూపాల్‌రెడ్డిగారికి 93,076, సంజీవరెడ్డిగారికి 39,451, విజయపాల్‌రెడ్డిగారికి 14,787 ఓట్లు వచ్చెను. ఆధిక్యము 53,625. ఇరువదియొక్క మాసములలో తీర్పు తలక్రిందులయ్యెను.

దీనికి కారణమేమి? ప్రభుత్వ బలమని కొందరు, అభివృద్ధిపై ఆశయని కొందరు చెప్పుదురు. రెండును నిజమే యని మా యభిప్రాయము. ఒక్క స్థానపు యెన్నికలో ప్రభుత్వము మారదని ఓటరెరుగును. కావున, ఏలుచున్నవారి పక్షమున నిలిచినచో మా యూరికి బాట వచ్చునా, బోరులో లేని నీరు కుళాయిలో వచ్చునా యని తూచును. సింగూరు జలములు హైదరాబాదు దప్పిక తీర్చుచుండగా, చెంతనే యుండి నీటికై యెదురుచూచిన ప్రాంతమువారి తూకము ఇట్లుండుట వింత గాదు. అదే సంవత్సరము మే మాసమున ఖమ్మము జిల్లా పాలేరునందును దివంగత సభ్యుని సతీమణి ఓడి, అధికారపక్షమువారైన తుమ్మల నాగేశ్వరరావుగారు గెలిచిరి. అయినను దీనిని సూత్రముగా గ్రహింపరాదు. 2020లో దుబ్బాకయందు దివంగత సభ్యుని సతీమణి అధికారపక్షమున నిలిచియు ఓడిరి. సానుభూతియు, అధికారమును రెండును ఒకచోట చేరినను గెలుపు నిశ్చయము కాలేదు.

మన చోట కథ ఇంకను కలదు. 2018లో భూపాల్‌రెడ్డిగారు మరల గెలిచిరి. 2022 ఫిబ్రవరిలో బసవేశ్వర ఎత్తిపోతల పథకమునకు నారాయణఖేడుననే శంకుస్థాపన జరిగెను. 2023 యెన్నికలలో అదే సంజీవరెడ్డిగారు భూపాల్‌రెడ్డిగారిని ఓడించి సభలో ప్రవేశించిరి. తండ్రి మరణించిన యేడాది వారసునకు దక్కని పీఠము, ఏడేండ్లు గడచిన పిదప అభ్యర్థికి దక్కెను. ఇచ్చినవారును, ఈయనివారును ఓటర్లే. ఇదియే మా ప్రశ్నకు సమాధానము.

ఇక మన సంగతి. ఎన్నికల కాలమున కులసంఘముల గడపలు ఎన్నడును లేనంత పావనమగును. పెద్దలను పిలిచి, భవనము కట్టింతుము, మీ ఓట్లన్నియు మాకే వేయింపుడని యడుగువారుందురు. ఇచట మనము నిర్మొగమాటముగా మాట్లాడుకొనవలెను. సంఘము విద్యార్థికి వేతనమీయవచ్చును, వసతిగృహము నడుపవచ్చును, ఆపన్నుల నాదుకొనవచ్చును. కాని తన సభ్యుల ఓట్లను మూటగట్టి యొకరి చేతికిచ్చు హక్కు దానికి లేదు. పీఠము ఒక వంశపు సొత్తు కానట్లే, ఓటు ఒక కులపు సొత్తును గాదు. వంశమునకు తగదని చెప్పి, మన సంఘమునకు తగునన్నచో న్యాయమెక్కడిది?

కావున మేము కోరునది యొక్కటే. ప్రతి గ్రామమున మనవారు ఒక పుస్తకము పెట్టుదురుగాక. ఏ అభ్యర్థి ఏ తేదీన ఏమి వాగ్దానము చేసెనో అందు వ్రాయుదురుగాక. అయిదేండ్లకొకసారి దానిని విప్పి, అందరియెదుట, అన్నికులములవారి యెదుట, చదువుదురుగాక. వలసపోయిన సోదరులు ఓటునాడు ఇలు చేరునట్లు తోడ్పడుదురుగాక. ఇంతకుమించిన రాజకీయము సంఘమునకు వలదు.

స్వస్తి.